ఆరో రోజున నాన్నకు సెలవు

మా ఇంట్లో దసరా సెలవులంటే నాన్న కనిపించని రోజులు. ఆయన బస్సు డ్రైవరు. నగరమంతా ఊళ్లకు కదిలే ఆ రెండు వారాల్లో ఆ ఊళ్లకు బస్సు నడపవలసినవాళ్లలో ఆయన ఒకరు కనుక, మా బడికి సెలవులు మొదలైన రోజునే డిపోలో ఆయనకు సెలవులు రద్దయ్యేవి. ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ దారి పట్టే మలుపు దగ్గర, సంచులతో, పిల్లలతో నిలబడ్డ జనం మధ్య నుంచి ఆయన బస్సు కొంచెం కొంచెంగా ముందుకు జరగడాన్ని నేనూ చెల్లీ దూరం నుంచి చూసేవాళ్లం. పండుగ వచ్చిందని మాకు తెలిసేది అక్కడే.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలోనూ, చెల్లి పదో తరగతిలోనూ ఉన్న ఏడాది, సెలవులకు ఇరవై రోజుల ముందే ఆమె ఒక కోరిక బయటపెట్టింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న పెద్ద పార్కుకు, నీళ్ల ఆటలూ ఆకాశంలో గిరగిరా తిప్పే యంత్రాలూ ఉండే చోటికి, ఇంటిల్లిపాదీ వెళ్లాలి. తరగతిలో సగం మంది అప్పటికే చూసి వచ్చారు. అయితే ఆమెకు కావలసింది పార్కు కాదని మరుక్షణమే తెలిసింది.

"నాన్న వస్తేనే పోదం. నాన్న రాకుంటే నాకొద్దు," అంది.

ఆ పంతానికి కారణం ఉంది. వచ్చే జూన్ నుంచి ఆమె ఇంటర్ చదువుకు హాస్టల్‌కు వెళ్లాలని అప్పటికే నిశ్చయమైంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ బోర్డుల నీడలో పెరిగిన పిల్లలకు హాస్టల్ అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. పూర్తిగా ఇంట్లో గడిపే దసరా సెలవులు ఆమెకు ఇవే చివరివి. జూపార్కుకు వెళ్లినా, నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వెళ్లినా మా ఫొటోల్లో ముగ్గురమే ఉంటాం. నాలుగో మనిషి ఆ సమయానికి ఏ రోడ్డు మీదనో ఉంటాడు. పదిహేనేళ్ల వయసుకు నాన్నతో కలిసి సరదాగా గడిపిన ఒక్క పూర్తి రోజు కూడా తన లెక్కలో లేదని చెల్లి అంది. నేను వెతికి చూశాను. నా లెక్కలోనూ లేదు.

"ఫొటోల కోసమైతే ఏందే? నాన్న ఇంట్లనే ఉంటడు గదా, ఎప్పుడంటే అప్పుడు తీసుకో," అంది అమ్మ.

"ఎప్పుడు? లుంగీల గురక పెడుతున్నప్పుడా?"

అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను అప్పటికి ఏడాదిగా కళాశాల చర్చా బృందంలో ఉన్నాను. ఏ ప్రతిపాదననైనా ముందు నిర్వచించాలనీ, ఆధారం అడగకుండా ఏ మాటనూ అంగీకరించకూడదనీ అక్కడ నేర్చుకున్నాను. నేర్చుకున్నదాన్ని ఇంట్లో ప్రయోగించని విద్యార్థి ఉండడు. అందుకే ఆ ఆదివారం ఉదయం, నాన్న డ్యూటీకి బయలుదేరేలోగా ఇంటి సమావేశం ఏర్పాటు చేసి, గోడకున్న క్యాలెండరును మేకు నుంచి దించి చాప మీద పరిచాను. ప్రతి ఒక్కరూ తమకు కుదరని రోజులేవో చెప్పాలి, కారణం కూడా చెప్పాలి. కారణం నిలిస్తేనే ఆ రోజును కొట్టేస్తాను. ఇవీ నా షరతులు.

"అక్కా, ఇది ఇల్లు. మైకు లేదిక్కడ," అంది చెల్లి.

ఆమె రోజులే ముందు పోయాయి. పదో తరగతి కనుక సెలవుల్లో మొదటి నాలుగు రోజులూ ప్రత్యేక తరగతులు. ఆ తర్వాత అమ్మ చెయ్యి అడ్డు పెట్టింది. బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రం అయ్యేసరికి ఆమె ఇంట్లో ఉండాలి. పూలు పేర్చాలి, కాలనీ గుడి ముందు ఆడాలి, నైవేద్యం పంచాలి. పార్కుకు వెళ్లినవాళ్లు పండుగ రద్దీలో చీకటి పడకముందు తిరిగి రావడం అసాధ్యం.

నేను లేచి నిలబడ్డాను. నిలబడకుండా వాదించడం అప్పట్లో నాకు చేతనయ్యేది కాదు. ఒక్క సాయంత్రం బతుకమ్మ పేర్చకపోతే జరిగే నష్టమేమిటో చెప్పమని అమ్మను అడిగాను. భక్తి అన్నది రోజుల సంఖ్యలో ఉంటుందా, మనసులో ఉంటుందా అని కూడా అడిగాను. అది నాకు చాలా మంచి ప్రశ్నగా అనిపించింది.

అమ్మ తంగేడు పూలకు పోవలసిన పొలాలన్నీ ప్లాట్లయిపోయిన ఊరి నుంచి వచ్చిన మనిషి. నల్లగొండ దగ్గరి ఆ ఊళ్లో పెళ్లికి ముందు ఏ ఒక్క సాయంత్రమూ మానలేదు. ఇక్కడికి వచ్చాక చౌరస్తాలో పూలు కొనుక్కుని మరీ ఆడుతోంది. నా ప్రశ్నకు ఆమె కోప్పడలేదు.

"మనసులనే ఉంటది బిడ్డా. కానీ మనసుకు కూడ ఒక టైమంటు ఉండాలె గదా," అంది. అంతలో గుర్తొచ్చినట్టు, "ఆరో రోజు పోదమా? ఆరో నాడు ఆడం," అంది.

"ఎందుకాడం?"

"అలిగిన బతుకమ్మ గదనే. ఆ నాడు పూలు పేర్చం, ఆడం. ఆమె అలుగుతది."

"ఎందుకలిగింది?"

"ఎవలో మాంసం ముద్ద తగిలించిన్రంట ఎన్కట. మా నాయనమ్మ వేరే కత చెప్పేది. నాకైతే గా కతలేం నమ్మబుద్ధి గాదు." అమ్మ క్యాలెండరు మీద గీతలు చూస్తూ, "ఐదు దినాలు చేపిచ్చుకొని అలిసిపోయి ఉంటది. ఒక్కనాడు ఆమె గూడ పండుకోవద్దా?" అంది.

అంతవరకు గడప దగ్గర షూ లేసులు కట్టుకుంటూ వింటున్న నాన్న తల ఎత్తాడు. "నాకు దొరకని ఆఫు ఆమె ఎట్ల సంపాయించుకుంది? ఏ మేనేజరును పట్టుకుందంట?"

"దేవత మీద జోకులా? కళ్లు పోతయ్."

"పోతె ఆఫు దొరుకుతది గదా."

కాని ఆయన ఆ మాటతో ఆగలేదు. నాలుగు రోజుల తర్వాత డిపో నుంచి వస్తూనే ఆరో రోజు తనకు దొరికిందని చెప్పాడు. పండుగ దినాల్లో డ్రైవర్లకు మిగిలిన ఒకే ఒక్క దారి పరస్పరం డ్యూటీలు మార్చుకోవడం. మరో డ్రైవరుకు దసరా నాడు ఇంట్లో ఉండాలని ఉంది. ఆయన డ్యూటీ దసరా నాడు నాన్న చేస్తాడు. నాన్న డ్యూటీ ఆరో రోజున ఆయన చేస్తాడు. దానికి డిపోలో ఒప్పుకున్నారు.

అమ్మ ముఖం చిన్నబోయింది. "దసరా నాడు ఇంటి మనిషి లేకుంటె జమ్మి ఎవరు పెడ్తరు చేతుల?"

"రాత్రికొస్త గదా, అప్పుడు పెడ్త. పాలపిట్టనంటవా, బస్సు అద్దంల నుంచి మీకంటె ముందు నాకే కనిపిస్తది."

చెల్లి క్యాలెండరులో ఆరో రోజు గడి చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో గుండ్రంగా గీసింది. నలుగురు మనుషులకు సరిపోయే పెద్ద సున్నా అది; పక్క గడుల్లోకి కూడా పోయింది.

మా పై వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. అంకుల్ బ్యాంకులో పనిచేసేవారు. ఆంటీ ఇంట్లోనే పిల్లలకు లెక్కల ట్యూషను చెప్పేది. చెల్లికీ ఆమే చెప్పింది. వాళ్లకు ఏడేళ్ల పాప. మా ప్రణాళిక మెట్ల మీదుగా పైకి చేరడానికి ఒక్క రోజు పట్టింది. చేర్చింది చెల్లే.

"మేమూ వస్తామమ్మా," అంది ఆంటీ, మెట్ల మీద నన్ను ఆపి. "మా కారులో సగం మంది, మిగతావాళ్లు బస్సులో. కాకపోతే నాకు నవరాత్రుల్లో పూజ ఉంటుంది కదా. ఏ రోజనుకున్నారు?"

"ఆరో రోజు ఆంటీ."

ఆమె మనసులో లెక్కవేసుకుంది. "ఏడో రోజు మూలా నక్షత్రం. ట్యూషన్ పిల్లలందరూ పూజకు పుస్తకాలు తెస్తారు, ఆ రోజు కదలను. ఆరో రోజైతే పొద్దున్నే పూజ చేసుకుని వచ్చేస్తాను. ఏమండీ, విన్నారా? ఆరో రోజట."

లోపలి నుంచి అంకుల్ గొంతు వినిపించింది. "ఆరో రోజేగా? సెలవు పెట్టేసి టికెట్లు నేనే తీసేస్తాలే. సెలవుల్లో ముందే తీయకపోతే దొరకవు. ఏమ్మా, ఖాయమేనా? తర్వాత మార్చడం కుదరదట."

"ఖాయమే అంకుల్," అన్నాను. ఆ మాటలో ఒక విజేత ధీమా ఉండి ఉంటుంది.

తారీఖు చెప్పవలసిన చోట నేను రోజు సంఖ్య చెప్పాను. ఆ తొమ్మిది రోజుల గురించి మా మెట్ల మీద ఎవరూ తారీఖుల్లో మాట్లాడరు. అమ్మ అటుకుల నాడు అంటుంది, ముద్దపప్పు నాడు అంటుంది. ఆంటీ ఏ రోజున అమ్మవారికి ఏ అలంకారమో దాన్నిబట్టి చెబుతుంది. పాలవాడితో లెక్క చూసుకునేటప్పుడు తప్ప తారీఖు ఎవరికీ అక్కర్లేదు. అంకుల్ టికెట్లు తీసి, కాగితాల మీద అచ్చు వేయించి తెచ్చారు. ఆంటీ వాటికి కుంకుమ బొట్టు పెట్టి పూజగదిలో అమ్మవారి పాదాల దగ్గర ఉంచింది. ప్రయాణం రోజున పూజ అయ్యాకే తీయాలి. అవి చూపించమని నేను అడగలేదు. ఆధారం చూడనిదే దేన్నీ ఒప్పుకోనని ఊరంతా చెప్పుకున్న నేను అమ్మవారి పాదాల కింది కాగితాన్ని అడగలేకపోయాను.

ఒక హెచ్చరిక మాత్రం వచ్చింది. నానబియ్యం నాటి సాయంత్రం, అంటే మా నాలుగో రోజున, పై ఇంటి పాప వేళ్లు మడిచి చూపిస్తూ, "పార్కుకి ఇంకా మూడు రోజులు," అంది. "తప్పు, రెండే," అన్నాను. ఆ పిల్ల మళ్లీ వేళ్లు లెక్కపెట్టుకుని మూడే అంది. ఈసారి ఆమె వేళ్లు పట్టుకుని ఒకటి మడిచి, రెండని నిరూపించాను. ఏడేళ్ల పిల్ల. ఒప్పుకుంది.

మర్నాడు అట్ల బతుకమ్మ. అమ్మ అట్లు పోసి, కాలనీలో పంచాక మిగిలినవాటిని పళ్లెంలో పెట్టి, "రేపు పొద్దుగాల ఎన్నింటికి బయల్దేరుదమో అడిగి రా," అని నన్ను పైకి పంపింది. కింద గదిలో చెల్లి సంచిలో తువ్వాళ్లు సర్దుతోంది. నాన్న బట్టలు కూడా ఆమే తీసిపెట్టింది: ఇస్త్రీ చేసిన రంగు చొక్కా, ఆయన పెళ్లిళ్లకు మాత్రమే వేసుకునేది.

ఆంటీ పళ్లెం అందుకుని, "అయ్యో, ఇన్ని ఎందుకమ్మా," అంటూ లోపలికి నడిచింది.

"రేపు ఎన్ని గంటలకు ఆంటీ?"

ఆమె వెనక్కి తిరిగింది. "రేపా? రేపెక్కడికి?"

"పార్కుకు."

"ఎల్లుండి కదమ్మా? ఇవాళ నాలుగో రోజు, రేపు ఐదు, ఎల్లుండి ఆరు."

"ఇవాళ ఐదో రోజు ఆంటీ. అట్ల బతుకమ్మ," అన్నాను.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తప్పు ఎక్కడుందో నాకు ముందు తెలిసింది, ఆమెకు ఒక్క క్షణం తర్వాత తెలిసింది. మాకు బతుకమ్మ అమావాస్య నాడు, ఎంగిలిపూలతో మొదలవుతుంది. వాళ్లకు నవరాత్రులు ఆ మర్నాడు, పాడ్యమితో మొదలవుతాయి. మా ఆరో రోజుకు వాళ్లకు ఐదో రోజు. ఒకే మెట్ల మీద ఎనిమిదేళ్లుగా అట్లూ పులిహోరా మార్చుకుంటున్న రెండు ఇళ్లకు ఆ ఒక్క రోజు తేడా ఎప్పుడూ అవసరపడలేదు.

ఆంటీ పూజగదిలోకి వెళ్లి, కళ్లకద్దుకుని, కాగితాలు తీసుకొచ్చింది. బొట్టు కింద తారీఖు స్పష్టంగా ఉంది. అది ఎల్లుండిదే.

తర్వాతి గంట మా ఇంట్లో గడిచిన తీరు నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. అంకుల్ పార్కువాళ్లకు ఫోను చేశారు. సెలవుల రద్దీలో తారీఖు మార్చరట. రేపటి టికెట్లు కొత్తగా తీద్దామంటే అవీ అయిపోయాయి. ఆయన బ్యాంకులో సెలవు కూడా ఎల్లుండికే పెట్టారు. ఆంటీ మా అమ్మ చేతులు పట్టుకుని, "లెక్కల టీచర్నై ఉండి ఇంత పొరపాటు చేశానే," అంటుంటే, అమ్మ, "మీది గాదమ్మా, మావోళ్లే సరిగ చెప్పలే," అంటోంది. ఇద్దరూ తప్పు తమ మీద వేసుకోవడానికి పోటీ పడ్డారు. నేను మాత్రం అమావాస్య నుంచి లెక్కించడమే సరైనదని రుజువు చేయడానికి మాటలు సిద్ధం చేసుకుంటున్నాను. అవి చాలా చక్కగా అమరుతున్నాయి కూడా. సంచిలోంచి ఒక్కొక్క తువ్వాలే తీసి బీరువాలో పెడుతున్న చెల్లి వీపు కనిపించాక గాని నేను నోరు మూయలేదు.

నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి అందరూ కూర్చుని ఉన్నారు. జరిగింది నేనే చెప్పాను. మొదట్లో ఎవరి లెక్క ఎందుకు తప్పో కూడా చెప్పబోయాను.

"తప్పెవరిదని నేనడగలే బిడ్డా," అన్నాడు. చొక్కా కూడా విప్పకుండా బయట గేటు దగ్గర నిలబడి ముగ్గురు డ్రైవర్లకు ఫోన్లు చేశాడు. మొదటివాడు అప్పటికే తన సొంత ఊళ్లో ఉన్నాడు. రెండోవాడు ఆ రోజుకే ఊరు పోవాలి. మూడోవాడు ఫోను ఎత్తలేదు. లోపలికి వచ్చి చెల్లి ముందు చాప మీద కూర్చున్నాడు.

"ఎల్లుండికి నాకు స్పెషల్ బస్సు డ్యూటీ పడ్డది. చార్టు గోడకు అంటిచ్చిన్రు. ఇప్పుడెవడు దొరుకుతడు, అందరు ఊర్లకే పాయె. మీరు పోయి రాండ్రి. నేను మళ్లెప్పుడన్న..."

"మళ్లెప్పుడు?" అంది చెల్లి.

ఆయన ఎర్ర సున్నా ఉన్న క్యాలెండరు వైపు చూశాడు. చెప్పడానికి తారీఖు ఉండి ఉంటే చెప్పేవాడే. మాట దాటేసే మనిషి కాడు.

మర్నాడు అలిగిన బతుకమ్మ. నాన్నకు సెలవు. ఆయన అలవాటు ప్రకారం నాలుగింటికే లేచి, గడ్డం గీసుకుని, ఎక్కడికీ వెళ్లనవసరం లేదని గుర్తొచ్చి మళ్లీ పడుకోబోయి, నిద్ర రాక గడప మీద కూర్చున్నాడు. అమ్మకు పూల పని లేదు. ఇద్దరూ పని లేని మనుషుల్లా ఒకరినొకరు కొంచెం మొహమాటంగా చూసుకోవడం నేను ఆ రోజే చూశాను. మధ్యాహ్నం నలుగురం కలిసి తిన్నాం. నాన్న అందరికంటే ముందు ముగించి, అలవాటుగా గడియారం చూసి, మళ్లీ కూర్చుని ఇంకొంచెం పెరుగు వేయించుకున్నాడు.

నా పని అప్పటికి తేలలేదు. చెల్లిని రేపటికి ఒప్పించాలి. ఆమె పక్కన కూర్చుని మూడు కారణాలు చెప్పాను. నువ్వు రాకపోయినా నాన్న రాలేడు, కాబట్టి నీ త్యాగం వల్ల ఎవరికీ లాభం లేదు. ఆంటీ ఇప్పటికే బాధపడుతోంది, నువ్వు రాకపోతే ఇంకా బాధపడుతుంది. నువ్వు సంతోషంగా ఉండడమే నాన్నకూ కావాలి. మూడూ నిజాలే. ఏ ఒక్కదాన్నీ ఖండించడం సాధ్యం కాదు.

చెల్లి అన్నీ విన్నది. "నువ్వే గెల్చినవ్ అక్కా," అంది. "ఎప్పుడు నువ్వే గెలుస్తవ్. నేనైతే పోను."

తర్వాత గడప వైపు తిరిగి, "నాన్నా, రేపు నీ బస్సు ఎక్కడికి?" అని అడిగింది.

"సూర్యాపేట. పొద్దుగాల పోయి సాయంత్రానికి ఒచ్చుడు."

"నేనొస్త."

నాన్న నవ్వాడు, ఆమె నవ్వడం లేదని చూసి ఆగాడు. "పండుగ స్పెషల్ బిడ్డా అది. కాలు పెట్ట సందుండదు. ఏముంటది బస్సుల?"

"నువ్వుంటవ్ గదా. టికెట్ తీసుకుంట. సీటు లేకుంటె నిలబడ్త."

ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూడలేదు. "పోనియ్యి," అంది. "పార్కుల గూడ లైన్ల నిలబడుడే గదా. నీ బస్సుల నిలబడుతది."

నన్ను కూడా రమ్మంటారేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాను. చెల్లి అడిగింది కూడా: "నువ్వు గూడ రారాదక్కా." నేను రానన్నాను. ఆ టికెట్లు నా మాట మీద తీసినవి. ఖాయమేనా అని అంకుల్ అడిగితే ఖాయమే అన్నదాన్ని, చివరికి వాళ్లను వదిలేసి వెళ్లిపోవడం న్యాయం కాదనిపించింది. ఇప్పుడు ఆలోచించినా అది న్యాయం కాదు. కాని ఆ మాట అన్నాక లోపల కలిగింది సంతృప్తి కాదు. దానికి పేరు పెట్టడానికి నాకు మరికొన్నేళ్లు పట్టింది.

కనుక ఏడో రోజున ఇల్లు రెండుగా బయలుదేరింది. నాన్న ఖాకీ చొక్కాలో, చెల్లి పార్కు కోసం కొన్న కొత్త చుడీదార్‌లో, తెల్లవారకముందే ఆటో ఎక్కి డిపోకు వెళ్లారు. మిగిలిన రెండు టికెట్లకు ఆంటీ పక్క వీధిలోని తన ట్యూషన్ పిల్లలిద్దరిని పిలిచింది. పార్కు బాగుంది. అబద్ధం చెప్పను, నాకు చాలా నచ్చింది. ప్రతి యంత్రం ముందూ గంటసేపు నిలబడ్డాం. నగరంలోని బడులన్నీ అక్కడే ఉన్నట్టున్నాయి. పడవలా ఊగే యంత్రం ఎక్కి అమ్మ మొదటి ఊపుకే నా మోచెయ్యి గిల్లి, "ఆపమనవే, ఆపమను, నీ కాళ్లు మొక్కుత," అని అరిచింది. దిగాక చీర సర్దుకుంటూ, "లైను పెద్దగున్నదా? ఇంకొక్కసారి ఎక్కుదమా?" అని అడిగింది. మూడింటికల్లా అందరం బయటపడ్డాం. ఏడో రోజు బతుకమ్మను అమ్మ మానదు కదా. కారులో నిద్రపోతున్న పాపను ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సంగతి గుర్తొచ్చి, "నువ్వే రైటు," అన్నాను. ఆ పిల్ల వినలేదు.

అమ్మ చౌరస్తాలో దొరికిన బంతిపూలతో చిన్న బతుకమ్మ పేర్చి, ఆడి వచ్చి, వేపకాయల్లాంటి పిండివంట వేయిస్తుండగా వాళ్లిద్దరూ వచ్చారు. చెల్లి జుట్టంతా దుమ్ము. సగం దారి నిలబడిందట, ఆ తర్వాత బానెట్ పక్కనున్న సీటు దొరికిందట. నార్కట్‌పల్లిలో చాయ్ తాగారట. కండక్టరు ఆమెకు టికెట్టు కొట్టి, "సార్ బిడ్డవని ఫ్రీ ఇయ్యలే సూడు," అన్నాడట. నాన్న స్నానానికి వెళ్లాడు. నేను పార్కు కబుర్లు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నోట్లో వేడి వేపకాయతో, ఊదుకుంటూ, "నాన్న పాడ్తడు తెల్సా?" అంది.

నాకు తెలియదు. అమ్మ గరిటె ఆపింది. అమ్మకూ తెలియదు.

మరుసటి ఏడు కంటి పరీక్ష తర్వాత నాన్నను డిపోలో కూర్చునే పనిలోకి మార్చారు. ఆయనకు ఇప్పుడు ప్రతి వారం సెలవుంది. లుంగీలో, రంగు చొక్కాలో, పార్కుల్లో, ఎక్కడ కావాలంటే అక్కడ ఫొటోకు నిలబడతాడు. ఇంట్లో పాడమంటే మాత్రం, "నేనేం పాడ్త, ఎవరు చెప్పిన్రు నీకు," అంటాడు. అది బస్సు నడుపుతున్నప్పుడే వచ్చేదట. ఆయన నడుపుతుండగా బానెట్ పక్కనున్న ఆ సీట్లో నేను ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చోగల రోజున ఒక మంచి కారణంతో వేరే చోటికి వెళ్లాను.

అందుకే చెల్లి సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమెను అడుగుతాను. సాక్షిని అడిగినట్టే అడుగుతాను, వేరే విధంగా అడగడం నాకు రాదు.

"ఎక్కడ మొదలుపెట్టాడు?"

"చౌటుప్పల్ దాటినంక."

"పోయినసారి నార్కట్‌పల్లి అన్నావు."

"ఒచ్చేటప్పుడు నార్కట్‌పల్లి. పోయేటప్పుడు చౌటుప్పల్. ఎన్నిసార్లు చెప్పాలక్కా?"

"పాటేది?"

"పాట గాదే, కూనిరాగం. మాటల్లేవ్. గొంతు బొంగురు. నా ఎన్క సీట్ల ఒకామె, 'జర మెల్లగ డ్రైవర్ సాబ్, పిల్లగాడు ఇప్పుడిప్పుడే పండుకున్నడు,' అన్నది."

"నాన్నేమన్నాడు?"

"ఏమన్లే. ఆపేసిండు."

"తర్వాత?"

"జరసేపాగి, మెల్లగ మళ్ల మొదలుపెట్టిండు."